పేరు లేని గుర్రాలు

మాది కాకినాడ. శామీర్‌పేట బస్సులో ఒక ఫ్రెంచి గుర్రపు దళాధికారి రాసుకున్న జ్ఞాపకాలు చదువుతున్నాను. పక్కన కూర్చున్న అవ్వ అట్టమీద గుర్రం బొమ్మ చూసి, "గిది ఎవరి కథ బిడ్డా?" అంది.

"ఒక సైనికుడిదవ్వా. అతనెక్కిన ఐదు గుర్రాలు యుద్ధాల్లో చచ్చిపోయాయట."

"మరి దినాలు జేసిండా?"

నాకు అయోమయంగా అనిపించింది. "గుర్రాలకా?"

"మా ముసలాయన టాంగా తోలుతుండె. మా గుర్రం పేరు రాజు. అది సచ్చిపోతే పదకొండో దినం చుట్టాలందరికీ అన్నం పెట్టినం. గాయన గుర్రాల పేర్లేంది?"

గబగబా పేజీలు తిప్పాను. సేనాపతుల పేర్లున్నాయి, పతకాల పేర్లున్నాయి.

"ఒక్కదాని పేరూ రాయలేదవ్వా."

శామీర్‌పేట వచ్చింది. అవ్వ సంచి తీసుకుని లేచింది.

"గంత లావు పుస్తకంల ఇగ ఏం రాసిండు బిడ్డా?"