తొమ్మిది వేల నాలుగు వందల ముప్పై రెండు శ్రీలు

1994 జూన్ 6, సోమవారం ఉదయం నేను సిద్దిపేటలో దిగాను. పంపుసెట్లు, ట్రాక్టర్ల విడిభాగాలు అమ్మే ఒక టోకు దుకాణంలో పాత కంప్యూటర్‌లోని స్టాకు వివరాలను కొత్త డేటాబేస్‌లోకి మార్చడం నా పని. హోదా ప్రోగ్రామర్. ఇన్‌చార్జిగా మొదటిసారి వెళ్తున్నాను. పాత యంత్రం కిరాయిది, గడువు శనివారం సాయంత్రం అయిదు. అది వెళ్లిపోయాక తప్పు దొరికితే సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు. పని చెడితే ఇక ఆడవాళ్లను ఇన్‌చార్జిగా పంపేది లేదని మా మేనేజరు ముందే చెప్పాడు.

మార్చడానికి రెండు దారులు. ఒకటి, ఒక్కో రికార్డును చదివి, తనిఖీ చేసి, కొత్తదానిలో రాసే ప్రోగ్రాం. రెండోది, పాతదాన్నంతా ఒక ఫైలుగా తీసి ఒకేసారి ఎక్కించడం. మొదటిది నిదానం, రెండోది గుడ్డిది. నాతో వచ్చిన జూనియర్ విఠల్ రెండోదే కావాలన్నాడు. నేను కాగితం మీద లెక్క వేశాను. రికార్డులు 9,613. ఒక్కోదానికి నాలుగు సెకన్లు. మొత్తం పది గంటల నలభై నిమిషాల యాభై రెండు సెకన్లు. రోజూ పదకొండు నుంచి రెండు దాకా కరెంటు ఉండదు, రాత్రి ఎనిమిదికి దుకాణానికి తాళం పడుతుంది. మధ్యలో ఆగితే ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి నడవాలి.

"మేడం, గిట్లయితే మనం దసరా దాక ఈడనే ఉంటం," అన్నాడు విఠల్.

ఫైలు దారే ఎంచుకున్నాను. బుధవారం పన్నెండు నిమిషాల్లో ఎక్కింది. అటు 9,613, ఇటు 9,613. రెండుసార్లు లెక్కబెట్టి రిజిస్టరులో సంతకం చేశాను. విఠల్ కోవా తెచ్చాడు. శుక్రవారం స్టాకు జాబితా ఉన్న ఫ్లాపీని ప్రజ్ఞాపూర్ బ్రాంచికి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాము.

శనివారం పదీ ఇరవైకి అదే కండక్టరు ఒక చీటీ తెచ్చాడు. బ్రాంచి గుమాస్తా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "మీ వద్ద శ్రీ అను సామాను 9,432 కలదు. మా వద్ద ఒక్కటి కూడ లేదు. ఇరవై పంపగలరు. ఏ మోటారుకు పడునో తెలుపగలరు."

విఠల్ చీటీని పైకి చదివి, సగంలోనే బల్ల మీద తల వాల్చి నవ్వసాగాడు. నాకు మాత్రం సాయంత్రం అయిదు గుర్తొచ్చింది. జాబితా తెరిచాను. నిజంగానే ఉంది. దుకాణంలో శ్రీని మించిన నిల్వ దేనికీ లేదు.

స్టోర్ కీపరు ఖాజా మియాను పిలిచాను. అరవై దాటిన మనిషి. పాత యంత్రంలో ప్రతి అక్షరం ఆయన వేళ్ల మీదుగా వెళ్లిందే. ఆయన వచ్చేసరికి పదకొండయింది, కరెంటు పోయింది. చేసేదేమీ లేక అడగడం మొదలుపెట్టాను. అసలు సోమవారమే చేయవలసిన పని.

"గది సామాను కాదు మేడం. సేటు ఏ బుక్కు షురూ జేసినా మొదటి వరసల శ్రీ రాస్తడు. నేను బిస్మిల్లాకు గుర్తుగ ఏడు వందల ఎనభై ఆరు రాస్త. మిషన్ల గూడ ప్రతి ర్యాకుకు మొదటి వరస గట్లనే పెట్టిన. పేరు సేటుది, నంబరు నాది."

ర్యాకులు పన్నెండు. పన్నెండు ఏడు వందల ఎనభై ఆర్లు 9,432. పేరు గడిలో శ్రీ, సంఖ్య గడిలో 786. ఒకే పేరున్నవాటిని మా ప్రోగ్రాం బుద్ధిగా కూడిపెట్టింది. ఈసారి నేనూ నవ్వాను, విఠల్‌కంటే గట్టిగా.

"ఇట్లాంటివి ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

ఖాజా మియా గడ్డం గోక్కున్నాడు. "ఏడో ర్యాకుల ఒకటున్నది. నస్రీన్. నా మనుమరాలు. పుట్టిన తారీకు మర్వద్దని, కొన్న తారీకు గడిల పెట్టిన."

"స్టాకు ఎంత వేసిన్రు చాచా?" అన్నాడు విఠల్.

"ఒకటి. ఒక్కతే గద."

"ఆర్డరు రాలే, నయం."

నాకు కావలసింది దొరికింది. నిజమైన సామానుకు కొలత ఉంటుంది: పీసో, సెట్టో, కిలోనో. శ్రీకీ నస్రీన్‌కీ ఆ గడి ఖాళీ. చీకటి గదిలో, కిటికీ దగ్గర కూర్చుని మూడో దారి రాసుకున్నాను. ఫైలును ముందు ఒక తాత్కాలిక పట్టికలోకి ఎక్కించాలి. కొలత ఉన్నవాటిని ఒకే ఆజ్ఞతో అసలు పట్టికకు పంపాలి. లేనివాటిని మాత్రమే ఒక్కొక్కటిగా, ఖాజా మియాను పక్కన పెట్టుకుని చూడాలి.

రెండింటికి కరెంటు వచ్చింది. మూడూ ముప్పై అయిదుకు పని ముగిసింది. అసలు పట్టికలో 9,600. ఆగినవి పదమూడు: పన్నెండు శ్రీలు, ఒక నస్రీన్.

వాటిని తీసేస్తానంటే ఖాజా మియా ముఖం మాడిపోయింది. "శ్రీ లేకుంట ర్యాకు ఎట్ల షురువైతది మేడం? సేటు ఊకోడు, నేనూ ఊకోను." అందుకని జాబితా అచ్చువేసే ప్రోగ్రాంలో నాలుగు వరుసలు చేర్చాను. ప్రతి ర్యాకు పైన శ్రీ 786 శీర్షికగా పడుతుంది, లెక్కలోకి రాదు. నస్రీన్ తారీకును ఆయన గోడ క్యాలెండరు మీదికి మార్చుకున్నాడు. అయిదింటికి పాత యంత్రం ఆటోలో వెళ్లిపోయింది. ప్రజ్ఞాపూర్‌కు విఠల్ జవాబు రాశాడు: "శ్రీ అన్ని మోటార్లకు పడును. అమ్మకమునకు లేదు."

ఆగస్టులో మళ్లీ నన్నే ఇన్‌చార్జిగా పంపారు.

రెండు వైపులా సంఖ్య సరిపోవడం అంటే ఏదీ పోలేదని మాత్రమే అర్థం. వచ్చింది ఏమిటో అది చెప్పదు. ఒక్కొక్కటిగానా, మొత్తంగానా అన్నది యంత్రం వేగం చూసి తేల్చేది కాదు. వివరాలు ఎక్కించిన మనిషిని అడిగాక తేల్చేది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా ముందు అలాంటి మనిషి పక్కన ఒక పూట కూర్చునేదాన్ని. లెక్క ఆ తర్వాతే వేసేదాన్ని.