డబ్బాలో గుత్తి వంకాయ

చిన్నప్పుడు ఒక్కసారి ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయని అమ్మ నాకు వంకాయ మాన్పించింది. ముప్ఫై ఏళ్ళుగా ఏ పెళ్ళికెళ్ళినా గుత్తి వంకాయ కూర నా విస్తరి దాటి పక్కవాళ్ళకి వెళ్ళిపోయేది.

చివరికి ఒళ్ళు మండి, అమెరికాలో మేముండే ఎడిసన్‌లో నర్సులే నడిపే అలర్జీ క్లినిక్‌లో టెస్ట్ బుక్ చేశాను. వారం ముందే అలర్జీ మాత్రలు ఆపమన్నారు, ఆపాను. అనుమానమున్న పదార్థం వెంట తెమ్మన్నారు, పొద్దున్నే లేచి గుత్తి వంకాయ వండి డబ్బాలో పట్టుకెళ్ళాను.

ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు నర్సు మూత తీసి పకపకా నవ్వింది.

"ఆంటీ, కర్రీ కాదు, పచ్చి వంకాయ కావాలి!"

ఎదురుగా ఉన్న ఇండియన్ షాపుకి పరిగెత్తి ఒక్క వంకాయ కొనుక్కొచ్చాను. ఆమె సూదిని వంకాయలో గుచ్చి, అదే సూదితో నా ముంజేతి మీద పొడిచింది. పక్కనే, టెస్ట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి, ఎవరికైనా దద్దు లేపే మందు ఒక చుక్క వేసి గుచ్చింది.

"ఫిఫ్టీన్ మినిట్స్ గోక్కోవద్దు, ఆంటీ."

మందు వేసిన చోట దద్దు లేచింది. వంకాయ చోట చర్మం నున్నగా ఉంది.

"నెగటివ్! ఇప్పుడు ఆ కర్రీ ఇక్కడే స్లోగా తినండి, నేను వాచ్ చేస్తాను."

గంట గడిచినా ఒంటి మీద ఒక్క దద్దూ లేదు. డబ్బాలో తొడిమలు మాత్రం మిగిలాయి. వాటిని ఫోటో తీసి అమ్మకి పంపాను.