పదకొండో చుట్టం

స్పీకర్లకు కాగితం మార్చడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. పదిహేడో ఏట ఇంట్లో మూలనపడ్డ స్పీకరును కూరలు తరిగే కత్తితో విప్పింది. బిగించడం చేతకాక మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు బిగించింది. ఇప్పుడు ఆమెకు నలభై రెండేళ్లు, ఆ వీధిలో అందరికీ స్పీకరక్క. ఇంటి ముందుగదే దుకాణం. గోడకు కట్టిన తీగ మీద నల్లటి కాగితపు గరాటాలు బోర్లా వేలాడుతుంటాయి. వీధిలోంచి లారీ పోతే అవన్నీ సన్నగా వణుకుతాయి. లోపలి గదిలో అమ్మ కుట్టుమిషను మీద స్పీకర్ల ముందు వేసే గుడ్డ కుడుతుంది.

ఆమెకు రెండో పని కూడా ఉంది. అది దానంతటదే వచ్చింది. ఏడేళ్ల కిందట ఊళ్లో వారపత్రిక నడిపే ఎడిటరు గారు ఒక స్పీకరు తెచ్చి, "ఇందులో పాట బాగా రావట్లేదమ్మా, చూడు" అన్నాడు. ఆమె విప్పి చూసి, వినిపించి, మళ్లీ బిగించి ఇచ్చేసింది. "స్పీకరు బాగానే ఉందండీ. పాటే బాగాలేదు" అంది. ఆయన నవ్వలేదు. ఎందుకు బాగాలేదో ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు. అప్పటినుంచి ప్రతి వారం "విన్నది విన్నట్టు" అనే శీర్షిక కింద కొత్త పాటల మీద ఆమె రాస్తోంది.

రాయడానికి ఆమెకు రెండు నియమాలు. మొదటిది, అప్పుడే బాగుచేసిన స్పీకరులోనే వినాలి. కొత్త కాగితానికి ఇంకా ఏ పాటా అలవాటై ఉండదు కాబట్టి మొహమాటపడదని ఆమె నమ్మకం. రెండోది, అట్ట చూడకూడదు. పేరు చదివితే సగం చెవి మూసుకుపోతుంది. అందుకని డిస్కు రాగానే అట్ట అమ్మకిచ్చేస్తుంది. అమ్మ దాన్ని మిషను సొరుగులో దారపు ఉండల కింద దాచి, రాయడం అయ్యాకే తిరిగిస్తుంది.

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. ఎడిటరు గారు చొక్కాలో దాచి ఒక డిస్కు తెచ్చాడు.

"ర్యాప్ పాటలు. పదహారు. ట్యూన్లు కట్టినవాడు ఒక్కడే, పాడినవాళ్లు మాత్రం పాటకొకడు. ఆల్బమ్ పేరు ‘ఇంటినిండా చుట్టాలు’."

"మరి వంట ఎవరిది?"

"అదే నువ్వు రాయాలి. శుక్రవారానికి కావాలి."

ఆయన వెళ్లాక ఆమె అట్టను వెనక్కి తిప్పి, చూడకుండానే లోపలికి అందించింది. కుట్టుమిషను చప్పుడు ఆగింది. మామూలుగా అయితే సొరుగు తెరుచుకుని మూసుకునేంతసేపే ఆగుతుంది. ఇవాళ చాలాసేపు ఆగింది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. సూదిలోంచి దారం ఊడింది."

అమ్మ దగ్గర ఆమె అడగని సంగతి ఒకటే ఉంది, తమ్ముడి సంగతి. మూడేళ్లయింది వాడు ఆ గుమ్మం తొక్కి.

వాడు బస్సు డిపోలో బస్సుల మీద నంబర్లు రాస్తాడు. నలుగురు స్నేహితులతో కలిసి ఒక ర్యాప్ పాట చేసి పత్రికకు పంపాడు. అట్ట చూడకపోయినా ఆ గొంతు ఎవరిదో ఆమెకు మొదటి మాటకే తెలిసింది. అయినా తమ్ముడని తప్పు దాచలేదు, దువ్వలేదు. "గొంతు బాగుంది. మాట బాగుంది. దమ్ము లేదు" అని రాసి పంపింది.

ఆమె దుకాణంలో దమ్ము అంటే గాలి. కాగితం ఎంత గాలిని తోస్తే అంత దమ్ము. తమ్ముడికి పంక్తి సగంలోనే ఊపిరి అయిపోతోంది, మిగతా సగం అరిచి లాక్కొస్తున్నాడు. ఆమె చెప్పిందల్లా అదే. చదివినవాళ్లకు మాత్రం దమ్ము అంటే గుండెధైర్యం. డిపోలో ఎవడో "దమ్ములేని తమ్ముడు" అన్నాడు. ప్రాస కుదిరితే అబద్ధానికి కూడా కాళ్లొస్తాయి. వారం తిరిగేసరికి కండక్టర్ల దగ్గర్నుంచి టైర్లు మార్చేవాళ్ల దాకా అందరూ వాణ్ని అదే పేరుతో పిలిచారు.

వాడు దుకాణానికొచ్చి నిలబడ్డాడు. "నాకు దమ్ము లేదా అక్కా?"

ఆమె చేతిలో జిగురు కుంచె ఉంది. జిగురు ఆరిపోయేలోపు అతికించాలి. తల ఎత్తకుండానే చెప్పింది. "లేదు. సగంలోనే అయిపోతోంది. రోజూ పొద్దున్నే నాలుగంతస్తుల మెట్లెక్కు. అదే వస్తుంది."

వాడు వెళ్లిపోయాడు. ఇద్దరూ ఒకే మాట పట్టుకుని రెండు వేర్వేరు సంగతులు మాట్లాడుకున్నారని ఆమెకు తట్టేసరికి మూడు రోజులైంది. అప్పటికి వాడు డిపో వెనక గదికి మారిపోయాడు. పత్రికలో రెండు పంక్తులు వేస్తే సరిపోయేది. కానీ రాసింది రాసిందే అని అందరితో చెప్పుకున్న మనిషి ఆమె. ఆ రెండు పంక్తులు ఈ వారం, వచ్చే వారం అనుకుంటుండగానే మూడేళ్లు గడిచాయి.

బల్ల మీద ఒక పెద్ద స్పీకరు ఉంది. కొత్త కాగితం అతికించి, తీగచుట్ట అయస్కాంతం మధ్యలో సరిగ్గా కూర్చోవడానికి చుట్టూ నాలుగు ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు దోపింది. జిగురు ఆరాక వాటిని లాగేయాలి. ఆ ఫిల్మ్ అమ్మకు ఎప్పుడో దగ్గు వచ్చినప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రే. "నా ఊపిరితిత్తులు కత్తిరించి ఊళ్లోవాళ్ల స్పీకర్లలో పెడుతోంది" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంటుంది.

ఆమె మూడు ముక్కలు లాగింది. నాలుగోది లాగుతుంటే లోపలినుంచి అమ్మ పిలిచింది.

"పదకొండో పాట ముందు వినకూడదూ?"

"ఎందుకు?"

"ఊరికే. పదకొండు మంచి నంబరు."

"వరసలోనే వింటానమ్మా" అంటూ ఆమె చేతిలోకి వచ్చిన ముక్కను చూడకుండానే డబ్బాలో పడేసి, మధ్యలో దుమ్ము పడకుండా గుండ్రటి టోపీ అతికించింది. డిస్కు పెట్టింది.

వాన చప్పుడులో పాట కలిసిపోయింది. ఆమె కళ్లు మూసుకుంది. పాటలు వినేటప్పుడు ఆమెకు గదులు కనిపిస్తాయి. ఇవాళ ఒక పొడుగాటి గది కనిపించింది. గోడల నిండా కిటికీలు, కిటికీలకు రెక్కల్లేవు, మధ్యలో ఖాళీ కుర్చీలు. ట్యూను కట్టినవాడు మూలన కూర్చుని బల్ల మీద వేళ్లతో దరువేస్తున్నాడు. చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు. మొదటివాడు వస్తూనే తన గొప్ప చెప్పుకోవడం మొదలుపెట్టాడు, గది ఎవరిదో కూడా అడగలేదు. రెండో ఆమె తలుపు దగ్గరే నిలబడి మెల్లగా మాట్లాడి, కుర్చీలన్నీ తనవైపు తిరిగేలా చేసి వెళ్లింది. నాలుగోవాడికి చెప్పడానికి ఏమీ లేదు గానీ వేగంగా చెప్పాడు. ఏడోవాడు ఎంతకీ లేవడు. మూలన దరువేసేవాడు రెండుసార్లు దరువు ఆపి చూశాడు, అయినా లేవడు. గది నీళ్లలో ఉన్నట్టు మెల్లగా ఊగుతోంది. తీగ మీది గరాటాలు కూడా ఊగుతున్నాయి.

పదకొండోవాడు ఎప్పుడొచ్చాడో ఆమె గమనించలేదు. అప్పటికే కూర్చుని ఉన్నాడు. అరుపు లేని లోతైన గొంతు, ఎప్పుడూ విన్నట్టు లేదు. తొందర లేదు. పొడుగాటి పంక్తి, దాని వెనకే ఇంకో పొడుగాటి పంక్తి. ఊపిరి ఎక్కడ తీస్తున్నాడా అని ఆమె వెతికింది. దొరకలేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. దరువు మధ్య ఖాళీలో, రెండు చినుకుల మధ్య పిట్ట దూరినంత చోటులో, తీసుకుంటున్నాడు. పాట ఒక సైకిలు ట్యూబు గురించి. చివర్లో గొంతు బాగా తగ్గించాడు.

*గాలి నాదే, గోల నాదే, దారి పొడుగూ నాదే,*
*చిల్లు ఎక్కడో నీళ్లలో ముంచి చూపింది మాత్రం*

అక్కడితో ఆగిపోయింది. ఏదో బరబరమన్న చిన్న చప్పుడు, తర్వాత దరువు ఒక్కటే. ఎవరు చూపించారో చెప్పకుండా మాట మింగేశాడు. ఆమె నొచ్చుకుంది. ఇంత పనివాడు చివరి కుట్టు ఎందుకు వదిలేశాడు?

గురువారం మధ్యాహ్నానికి రాయడం అయింది. పదహారు మందికీ తలా రెండు మాటలు, పదకొండోవాడికి మాత్రం ఒక పేరా. "మిగతావాళ్లు చుట్టాల్లా వచ్చారు. ఇతను ఇంటివాడిలా వచ్చాడు. ఏ కుర్చీలో కూర్చోవాలో అడగలేదు. ఊపిరి మీద ఇంత అదుపు ఈ మధ్య నేను వినలేదు. కానీ చివరి మాట మింగాడు. అంత దూరం మోసుకొచ్చిన బరువును గుమ్మం దగ్గర జారవిడిచాడు."

"రాశావా?" అమ్మ వచ్చి నిలబడింది. "పదకొండోది ఎట్లా ఉందన్నావు?"

"అన్నిటికన్నా బాగుంది. ఒక్క తప్పుంది."

"అందరిలో వాడి తప్పే దొరికిందా నీకు?" అంటూ అమ్మ అట్ట బల్ల మీద పెట్టింది.

పదహారు పేర్లు. అన్నీ పెట్టుకున్న పేర్లే. తుప్పు. రెండో అంతస్తు. గోడగడియారం. పదకొండో వరసలో "దమ్ములేని తమ్ముడు" అని ఉంది. అక్షరాలు డిపోలో బస్సుల మీద రాసినట్టే ఉన్నాయి, కింద చిన్న నీడతో.

ఆమె స్టూలు మీద కూర్చుంది. వీధిలో లారీ పోయింది. గరాటాలు వణికాయి.

"నీకు ముందే తెలుసు కదమ్మా."

"అట్ట మీద పేర్లన్నీ వాడే రాశాడు, అక్షరాలు నేను గుర్తుపట్టనా? రోజూ పొద్దున్నే డిపో వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కి దిగుతున్నాడు. మూడేళ్లుగా. గొంతే మారిపోయింది. నీకు చెప్పొద్దన్నాడు." అమ్మ రాసిన కాగితం వైపు చూపించింది. "ఆ మింగిన మాట సంగతి తీసెయ్. ఎవరడుగుతారు?"

"వాడే అడుగుతాడు. అది తీసేస్తే పైన రాసిన మెచ్చుకోలు కూడా అక్క రాసిందనుకుంటాడు. అప్పుడు అందులో ఒక్క ముక్క నమ్మడు."

"మీ ఇద్దరికీ జిగురు ఎక్కువైంది" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆమె తప్పును తీయలేదు. కానీ అడుగున ఉన్న ఖాళీలో మూడేళ్లుగా వాయిదా వేసిన రెండు పంక్తులు రాసింది. "ఇదే శీర్షికలో ఒకప్పుడు ఒక పాటకు దమ్ము లేదని రాశాను. నేను అన్నది ఊపిరి గురించి, ధైర్యం గురించి కాదు. ఏ మాట ఎటు పోతుందో చూసుకోకుండా వదలడం చేతగాని పని. ఆ పని నాది." మళ్లీ చదివే ధైర్యం చాలలేదు. అయినా పంపించింది.

శనివారం పత్రిక వచ్చింది. పదకొండు గంటలకు ఫోన్ మోగింది. అటునుంచి మాట లేదు. ఊపిరి మాత్రం వినిపించింది. నిదానంగా, లోతుగా. దాన్ని ఆమె రెండు రోజుల కిందటే నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నది.

"ముందు దమ్ము తీసుకో. తర్వాత తిట్టు" అంది.

అటు నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "నేను మాట మింగలేదక్కా."

"మింగావు. నాలుగుసార్లు విన్నాను."

"నలభైసార్లు విను. మింగింది నేను కాదు, నీ స్పీకరు."

"నా స్పీకర్లు మింగవు."

"విప్పి చూడు. నేను లైన్లోనే ఉంటాను."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. ఎవరైనా ఆమె పనిని తప్పు పడితే రెండు రోజులు అన్నం సయించదు. అయినా ముందు కాగితం మీద వేళ్లు ఆనించి మెల్లగా నొక్కింది. లోపల సన్నగా గీరుకుంది. మళ్లీ నొక్కింది. మళ్లీ గీరుకుంది. గట్టి చప్పుళ్లలో ఆ రాపిడి తెలియదు. మెల్లటి చప్పుడు వస్తే దాన్ని తినేస్తుంది. కత్తి మొనతో టోపీ లేపింది. తీగచుట్ట పక్కన గోరంత ఎక్స్‌రే ముక్క. నాలుగోది. లాగేటప్పుడు తెగి సగం లోపలే ఉండిపోయింది. దీపం వైపు పట్టుకుంటే అందులో అమ్మ పక్కటెముక ఒకటి మబ్బులా కనిపించింది.

"ఏముంది?" ఫోన్‌లోంచి అడిగాడు.

"అమ్మ ఊపిరితిత్తి."

లోపలినుంచి అమ్మ, "నాకు తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు నా మీదికే వస్తుందని" అంది.

ఆమె ముక్క తీసేసి, టోపీ లేకుండానే పదకొండో పాట పెట్టింది. పొడుగాటి గది మళ్లీ తెరుచుకుంది. సైకిలు ట్యూబు, బకెట్టు, నీళ్లలోంచి వరసగా పైకొస్తున్న బుడగలు. ఆ బకెట్టు ఎవరింటిదో ఈసారి ఆమెకు తెలిసింది. గొంతు తగ్గుతూ తగ్గుతూ చివరి పంక్తికి వచ్చింది.

*చిల్లు ఎక్కడో నీళ్లలో ముంచి చూపింది మాత్రం*

గీరుడు లేదు. మాట పూర్తిగా వచ్చింది. చెవిలో చెప్పినట్టు, ఊపిరితోనే.

*అక్కే.*

దరువు చాలాసేపు సాగింది. ఆమె ఫోన్ తీసుకుంది.

"వినబడిందా?" అన్నాడు.

"వినబడింది. కానీ ఆ మాట ముందు అంతసేపు ఆగక్కర్లేదు."

"అది ట్యూను కట్టినవాడి గోల, నాది కాదు."

"సరే. వచ్చే వారం సవరణ వేస్తాను. పాడినవాడి తప్పు లేదు, స్పీకరుది, స్పీకరు నాది అని."

"వెయ్యి. నేనొచ్చి చదువుతాను."

"పత్రిక డిపోకి కూడా వస్తుంది కదరా."

"డిపోలో కూర్చోవడానికి కుర్చీల్లేవు" అన్నాడు.

లోపల కుట్టుమిషను ఆగి ఉంది. ఆమె లేచి, దుకాణంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ మీదినుంచి అట్టపెట్టెలు, తీగచుట్టలు, జిగురు సీసాలు ఒక్కొక్కటిగా తీసి కింద పెట్టసాగింది.