గంట కొట్టే ఆవిడ, బడి కంప్యూటర్

మూడేళ్ల పాటు మా పాపకి జడ వేసింది పక్కింటావిడే. నేను ఏడింటికల్లా నర్సీపట్నంలో ఇల్లు వదిలి, రెండు ఆటోలు మారి నాతవరం వైపు ఒక ఊరి బడికి పోయే టీచర్ని. అందుకే సొంతూరు నర్సీపట్నానికే బదిలీ అంటే నాకు ప్రాణం. అయినా దరఖాస్తు పెట్టడం ఆఖరి రోజు దాకా నాన్చాను. అదీ నా తెలివి.

ఆ రోజు మూడున్నరకి బడి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఐదింటికి గడువు. ఆ ఊళ్లో ఫోనుకి సిగ్నల్ అందదు, బడికి వైరు మీద వచ్చే నెట్టే దిక్కు. నర్సీపట్నం చేరేలోగా గడువు దాటిపోతుంది. బదిలీల సైటు ఎంతకీ తెరుచుకోలేదు. ఏదో ఇంగ్లీషు హెచ్చరిక వస్తుంటే చదవకుండానే మూసేశాను. నెట్టుని తిట్టాను, వైర్లు పీకి పెట్టాను, రెండుసార్లు ఆపి మళ్లీ వేశాను. ఊడవడానికి వచ్చిన ఆయా మీద కూడా విసుక్కుని, కాసేపు బయట ఉండమన్నాను.

ఆవిడ వెళ్లలేదు. మా బడిలో గంట కొట్టేది ఆవిడే. అంకెలు తప్ప చదువు రాదు గానీ, రోజంతా చూపు గోడ గడియారం మీదే. చీపురు పట్టుకునే నెమ్మదిగా అంది.

"ఏటనుకోకండి టీచరమ్మగారూ. ఈ పెట్టెలో టైము రోజూ తప్పే సూపిస్తాదండి."

చూద్దును కదా, తెర మూలన పన్నెండేళ్ల కిందటి తేదీ. ప్రశ్నపత్రాలు టైపు చేయడానికి తప్ప దాన్ని ముట్టుకోని మేమెవ్వరం గమనించలేదు. లోపలి చిన్న బ్యాటరీ ఎప్పుడో అయిపోయిందని, సాయంత్రం మెయిన్ ఆపగానే తేదీ వెనక్కి పోతోందని, తేదీ తప్పయితే సైట్లు తెరుచుకోవని, ఆ ఇంగ్లీషు హెచ్చరిక చెప్పిందీ అదేనని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం తేదీ, టైము సరిచేశాను. సైటు తెరుచుకుంది. ఐదుకి పావుగంట ముందు దరఖాస్తు వెళ్లింది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సదువుకున్నోళ్లు కదండీ, మీకు తెలీకుండా ఉంటాదేటి అనుకున్నాను. అడిగితే సెప్పీదాన్ని."

మూడేళ్లలో నేనావిడని టీ తప్ప ఏమీ అడగలేదు.

బదిలీ వచ్చింది. వెళ్లే ముందు నర్సీపట్నం వాచీల కొట్లో రూపాయి బిళ్లంత బ్యాటరీ కొని ఆ కంప్యూటర్‌కి వేయించాను. ఇప్పుడు పాపకి రెండు జడలూ నేనే వేస్తున్నాను. వంకరగా వేశావని సణుగుతుంది. ఆ సణుగుడు వినే భాగ్యం ఆ గంట కొట్టే ఆవిడ పెట్టిందే, రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. కొత్త బళ్లో ఏది మొరాయించినా ముందు అక్కడి ఆయాని అడుగుతున్నాను.