నాయకుడి ఎడమ భుజం

మా కొత్తకోటలో ఒక సేన ఉండేది. సేన అంటే ఒక జీపు, దాని మీద మైకు, పదకొండు మంది మనుషులు, వాళ్ల ముందు ఒక నాయకుడు. మన ధర్మం మునిగిపోతున్నదనీ, ముంచేది మా వీధిలో పండ్ల బండి, పంక్చర్ దుకాణం, దర్జీ దుకాణం పెట్టుకున్న నాలుగు ముస్లిం కుటుంబాలేననీ ఆయన మైకులో చెప్పేవాడు. పొద్దున లేస్తే పొట్టకూటికే తీరిక లేనివాళ్లు ఇంత పెద్ద ధర్మాన్ని ఎప్పుడు ముంచుతారని నాకు అనుమానం వచ్చేది. అడిగే ధైర్యం మాత్రం ఎప్పుడూ రాలేదు.

అప్పట్లో నాకు ఒక ఎస్టీడీ బూతు, జిరాక్స్ మిషన్, పాత కంప్యూటర్ ఉండేవి. ఆయన విజిటింగ్ కార్డులు నేనే తయారుచేసేవాణ్ణి. అందరూ పేరు కింద డిగ్రీ వేసుకునే చోట ఆయన "ధర్మం కోసం 4 కేసులు" అని వేయించుకున్నాడు. కొత్త కేసు పడగానే జీపు దిగి, "తమ్మీ, నాలుగు తీసి ఐదు చెయ్" అనేవాడు. అట్లా ఏడు దాకా వచ్చాం. ఒక్కదాంట్లోనూ శిక్ష పడలేదు. వాయిదాకు ముందు రోజు జీపు సాక్షి ఇంటి ముందు ఆగేది, తెల్లారేసరికి సాక్షికి మతిమరుపు పట్టుకునేది.

నా బూతుకు ఎదురుగానే దర్జీ దుకాణం. ఊరందరికీ ఆయన చాచానే. మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టే అలవాటు ఆయనకు లేదు. ఎవరైనా పలకరిస్తే ముందు భుజాలు చూసి, తర్వాత నడుము చూసి, "అచ్ఛా, నువ్వా" అనేవాడు. మా పెద్దనాయన పోయినప్పుడు చూడ్డానికి వచ్చి, "పాపం, నలభై రెండు ఛాతీ" అని కళ్లు తుడుచుకున్నాడు. ఏడుస్తున్న మా పెద్దమ్మకు కూడా నవ్వొచ్చింది.

ఒక ఎండాకాలం సేన పిలుపునిచ్చింది, ముస్లిం దర్జీల దగ్గర మనవాళ్లెవరూ బట్టలు కుట్టించుకోవద్దని. ఆ కరపత్రాలు జిరాక్స్ తీసిచ్చింది నేనే. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. జనం కరపత్రం చదివి, దాంట్లోనే జాకెట్ గుడ్డ చుట్టుకుని చాచా దగ్గరికి పోయేవాళ్లు. విచిత్రమేమంటే, పిలుపునిచ్చిన నాయకుడే మిట్టమధ్యాహ్నం ఊరు పడుకున్న వేళ చాచా దుకాణం వెనక తలుపు తట్టేవాడు. చంకలో బట్ట ఉండేది. అంత అవసరం ఏమొచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు.

పిలుపును ఎవరూ లెక్కచేయకపోతే నాయకుడి పరువేం కావాలి? ఒకరోజు మధ్యాహ్నం నలుగురు బనియన్ల మీద, ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని వచ్చారు. కుట్టు మిషన్‌ను రోడ్డు మీదికి ఈడ్చి, బట్టల మీద కిరోసిన్ పోసి అంటించారు. "పెండ్లి బట్టలున్నయ్ నాయనా, పెండ్లి బట్టలు" అని చాచా బతిమాలుతూనే ఉన్నాడు. సగం దించిన షట్టర్ కింది నుంచి నేను చూశాను. ముందున్నవాడి తువ్వాలు జారింది. నాయకుడే. ఆ వేడిలో పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పాను.

కేసు వాయిదాకొచ్చింది. చాచా నా బూతుకు వచ్చి కూర్చున్నాడు. "కేసు కొట్టేసిన్రంటే మళ్లొస్తరు బేటా. ఇగ నేనీ ఊర్ల మిషన్ పెట్టలేను. నువ్వు చూసింది చెప్పు, చాలు" అన్నాడు. చెప్తానని మాటిచ్చాను. ఆ సాయంత్రమే జీపు వచ్చి ఆగింది. నాయకుడు ఏమీ బెదిరించలేదు. "పిల్లలు ఏ ఆటోల బడికి పోతరు తమ్మీ?" అని అడిగి, టీ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు వనపర్తి కోర్టులో బోనెక్కి, "తెల్వదు సార్. షట్టర్ దించి ఉండె" అన్నాను. చాచా వైపు చూడలేదు.

తర్వాత చాచా ఎక్కాడు. నాయకుడి వకీలు హుషారుగా లేచాడు.

"ముఖానికి తువ్వాలు కట్టుకున్న మనిషిని ఎట్ల గుర్తుపట్టినవ్?"

"ముఖం నేనెప్పుడు చూసిన సార్? భుజాలు చూసిన. ఎడమది రెండేళ్లు దిగువ" అని చాచా రెండు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాడు.

వకీలు పెద్దగా నవ్వి, తన క్లయింటును నిలబెట్టాడు. తెల్ల లాల్చీలో నాయకుడు నిటారుగా, రెండు భుజాలూ గీత గీసినట్టు సమానంగా నిలబడ్డాడు. "ఏవయ్యా, ఏది దిగువ?"

"గది నేను కుట్టిన లాల్చీ సార్" అన్నాడు చాచా. "లోపల దూది ఉన్నది. ఆ దినం బనియన్ మీదొచ్చిండు కదా, దూది లేకుండె."

కోర్టంతా గొల్లుమంది. మెజిస్ట్రేటు గారు కూడా కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. లాల్చీ విప్పమంటే నాయకుడు ససేమిరా అన్నాడు. ధర్మం కోసం ప్రాణమిస్తానని ఊరూరా మైకులో చెప్పిన మనిషి, లాల్చీ కోసం బోను కమ్మీలు పట్టుకుని వేలాడాడు. చివరికి పక్క గదిలోకి తీసుకుపోయి కొలిచారు. సరిగ్గా రెండేళ్లు. కిరోసిన్ డబ్బా మీద వేలిముద్రలు కూడా కలిశాయి. శిక్ష కూడా రెండేళ్లే.

ఆ తర్వాత పాత కేసుల సాక్షులకు ఒక్కొక్కరికీ జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. ఇంకో రెండింట్లో శిక్షలు పడ్డాయి. ఆయన విడుదలైన రోజు పంచడానికి అనుచరుడొకడు కరపత్రం రాయించుకొచ్చాడు. "శిక్ష పూర్తి చేసుకుని వస్తున్న మా నాయకుడికి స్వాగతం" అని ఉంది. వాడే మళ్లీ చదువుకుని, బుర్ర గోక్కుని, "అన్నా, శిక్ష అంటే బాగలేదు. ఎనక ఒక 'ణ' పెట్టు" అన్నాడు. పెట్టాను. జైలు శిక్షణ కేంద్రమైపోయింది.

కానీ ఇది చాలా తర్వాతి మాట. తీర్పు వచ్చిన వారానికి చాచా కొత్త మిషన్ పెట్టాడు. పది రోజులు నేను ఆ వైపు తల తిప్పలేదు. పదకొండో రోజు ఆయనే రోడ్డు దాటి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"కోర్టుల నువ్వు తెల్వదన్నప్పుడు నీ కాలర్ చూసిన బేటా" అన్నాడు. "మస్తు బిగిసింది. ఆ అంగీ తే, అర ఇంచు వదులు చేస్త."

తెచ్చి ఇచ్చాను. సాయంత్రానికి వదులు చేసి, తనే నా మెడకు బొత్తం పెట్టి, రెండు వేళ్లు లోపలికి దూర్చి చూశాడు.

"ఇప్పుడు ఊపిరాడుతున్నదా?"

ఆడుతున్నదన్నాను. అదీ అబద్ధమే.