వాల్టర్ బుధవారాలు

ఈ బుధవారం సాయంత్రం పబ్బులోకి అడుగు పెట్టేసరికి ఒకమ్మాయి తన డ్రమ్మును ఫైర్‌ప్లేస్ ముందు పట్టుకుని వెచ్చబెడుతోంది. బయట మంచు కురుస్తోంది. వేడెక్కిన మేకతోలు వాసన ముక్కుకు తగిలింది. దేశం దాటి ఈ ట్రాయ్ ఊరికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ వాసనకి ముందు సిగ్గే వస్తుంది, సంతోషం దాని వెనకాల మెల్లగా వస్తుంది. మా నాన్న డప్పు కాచేటప్పుడు వచ్చే వాసన అది. ఖమ్మం దగ్గర మా పల్లెలో పెళ్ళి ఊరేగింపుకైనా, శవం లేచినా, పంచాయతీ చాటింపుకైనా ఆయనే కొట్టాలి. బడిలో పిల్లలు నన్ను పేరుపెట్టి పిలిచేవారు కాదు, బల్లమీద డప్పు దరువేసి పిలిచేవారు. నేను బాగా చదువుకోవడానికి ఆ దరువుకి అందనంత దూరం పోవాలన్న పట్టుదల కూడా ఒక కారణం. పోయాను కూడా. కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ హాయిగా ఉన్నవాణ్ణి మళ్ళీ ఆ దరువు దగ్గరికి తెచ్చినవాడు వాల్టర్.

వాల్టర్ డెబ్బై దాటిన మనిషి. ఫ్యాక్టరీలో కార్లకి రంగులేసే పని చేసి రిటైరయ్యాడు. పబ్బు ఆయనది కాదు. బుధవారం సాయంత్రాలు వెనకమూల బల్లలు ఆయనకి వదిలేసేవారు, అంతే. స్టేజీ లేదు, మైకు లేదు, టిక్కెట్టు లేదు. వచ్చినవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఫిడేలో బాంజోనో వాయించేవారు, ఏదీ లేనివాళ్ళు ఉత్త గొంతుతో పాడేవారు. పాత పాటలు, ఎవరు కట్టారో ఎవరికీ తెలియనివి. ఒకరే గంటసేపు పట్టుకు వేలాడకుండా, ఎవరూ అంచున మిగిలిపోకుండా చూడటమే ఆయన పని. ఆయన ఎవరినీ పొగడగా నేను వినలేదు. నచ్చితే, "మళ్ళీ పాడు, ఈసారి మేమూ కలుస్తాం" అనేవాడు.

మొదటిసారి నేను ఆఫీస్ అయ్యాక ఏదో తినిపోదామని వెళ్ళాను. పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని వింటుంటే నా వేళ్ళు వాటంతటవే బల్లమీద ఆడటం మొదలుపెట్టాయి. వాల్టర్ లేచి వచ్చాడు.

"ఆ చేతులకి ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరు. ఊరికే."

"ఊరికే అలా రాదు," అన్నాడు గానీ మరి గుచ్చి అడగలేదు. చేతిలో ఒక చేతిడ్రమ్ము పెట్టి గుంపులోకి జరిపాడు. దాన్ని ఒక్క పుల్లతో వాయిస్తారట. డప్పుకి రెండు పుల్లలు అలవాటైన నా ఎడమచేతికి తోచలేదు, ఎవరిదో పెన్సిల్ తీసుకున్నాను. రెండు చేతులూ కలిసేసరికి ఫిడేలు ఒక్క క్షణం తడబడి, మళ్ళీ నా వెంట పరుగెత్తింది. ఆ తర్వాత నేను తప్పిన బుధవారం లేదు. అలాగని ఆఫీసులో ఒక్క తెలుగువాడికీ ఆ సంగతి చెప్పలేదు.

అయినా ఒక సాయంత్రం మా టీమ్‌లోని కిరణ్ స్నేహితులతో పుట్టినరోజు పార్టీకని అదే పబ్బుకి వచ్చాడు. నేను మంచి ఊపులో ఉన్నాను. భుజమ్మీద చెయ్యి పడింది.

"ఏంటి బ్రో, శవయాత్రకి బయల్దేరావా?" వాళ్ళంతా ఘొల్లుమన్నారు. "సేమ్ మా ఊరి బీట్! చావులప్పుడు తాగేసి వచ్చి ఇలాగే కొట్టేవాళ్ళు. మీ ఊళ్ళో కూడా ఉండేవాళ్ళా?"

కిరణ్ చెడ్డవాడు కాదు. నేనెవరి కొడుకునో అతనికి తెలియదు. నేనూ నవ్వాను. "ఆ, ఉండేవాళ్ళు," అన్నాను. డ్రమ్ము బల్లమీద పెట్టి, కోటు కూడా మర్చిపోయి బయటికి నడిచాను. వెళ్ళి కార్‌లో కూర్చున్నాను. నాన్న వల్ల సిగ్గో, అలా సిగ్గుపడ్డందుకు సిగ్గో తేల్చుకోలేకపోయాను.

తర్వాత చాలా బుధవారాలు వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం మా ఆఫీస్ పార్కింగ్‌లో వాల్టర్ నా కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చలికి కార్‌లోకి రమ్మన్నాను.

"వాళ్ళ మాటలు నాకు అర్థం కాలేదు. నవ్వు మాత్రం తెలుసు," అన్నాడు. చాలాసేపు ముందు అద్దంలోంచి చూస్తూ, తన సంగతి చెప్పుకొచ్చాడు. వాళ్ళ అమ్మానాన్నలు కెంటకీ కొండల్నుంచి ఫ్యాక్టరీ పనికోసం ఇటొచ్చారు. ఇక్కడివాళ్ళు వీళ్ళని కొండమొద్దులని వెక్కిరించేవారు. "మా అమ్మ బట్టలారేస్తూ పాడేది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసేవారు. ఒకరోజు పాడటం మానేసింది. ఎందుకు మానేశావని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. ఆ పాటలన్నీ ఆమెతోనే పోయాయి."

"ఆ సిగ్గు ఎప్పటికైనా పోతుందా?" అడిగాను.

"నాకింకా పోలేదు," అన్నాడు. "సిగ్గుపడుతూనే వాయించు. బుధవారం రా."

వెళ్ళాను. ఆ రోజు గుంపులో మా నాన్న గురించి చెప్పాను. చావులకి కొడతాడని కూడా చెప్పాను. వాల్టర్ వెంటనే, "ఆయనకి ఫోన్ చెయ్యి," అన్నాడు. అక్కడ తెల్లవారుతోంది. వీడియోలో నాన్న మొహం కనిపించాక కాసేపు వాయించాను. "ఎడమచెయ్యి ఎనకబడుతంది బిడ్డా," అన్నాడు మొదట. తర్వాత ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "లోపల్నే కూసున్నవా? అందరితోటి? కుర్సీలనేనా?"

జీవితమంతా వాకిట్లో నిలబడి కొట్టిన మనిషి. "కుర్సీలనే నాయనా," అన్నాను. ఏమడిగాడని వాల్టర్ అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తను కూర్చున్న కుర్చీ ఖాళీచేసి, అందులో నా ఫోన్ నిలబెట్టి, మిగిలిన సాయంత్రమంతా దాని పక్కన నిలబడి బాంజో వాయించాడు.

వాల్టర్ పోయాక బుధవారాలు నేనే నడుపుతున్నాను. పోయిన నెల ఒక బుధవారం, ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు దంపతులు పాట విని ఆగారు. "భలే వాయిస్తున్నారండీ. ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడాయన.

"మా నాన్న దగ్గరండీ. మా ఊళ్ళో పెళ్ళికీ చావుకీ డప్పు కొట్టేది ఆయనే."

ఆయన చూపు గ్లాసులోకి దిగింది. ఆవిడ పర్సు సర్దుకుంది. ఆ కాసేపట్లో ఏదైనా తేలికమాట వేసి నవ్వించాలని, నా ఉద్యోగం పేరో చదువు పేరో చెప్పాలని నాలుక ఎంత ఆరాటపడిందో నాకే తెలుసు. చెప్పలేదు. సిగ్గుతో మెడ వంగిపోతున్నా ఆయన మొహంలోకే చూస్తూ, "మీకు వచ్చిన పాట ఏదైనా పాడండి, మేమూ కలుస్తాం," అన్నాను.