తవిటమ్మ తీసుకోని పుల్లలు

నార కోసం చెరువులో వేసిన గోగు కట్టలు నానాయో లేదో మా ఊళ్ళో చెప్పగలిగింది తవిటమ్మత్త ఒక్కతే. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, కట్టలోంచి ఒక కర్ర లాగి, మొదలు దగ్గర బొటనవేలితో ఒత్తేది. తోలు జారితే "రేపు దిగాల" అనేది. జారకపోతే కర్ర మళ్ళీ కట్టలో దూర్చి గట్టెక్కేది. ఒకరోజు ముందు తీస్తే నార తెగిపోతుంది. రెండు రోజులు ఆలస్యమైతే కుళ్ళిపోతుంది. పదెకరాల గోగు పండించే గణపతిరావు నాయుడిగారు కూడా ఆ ఒక్క మాట కోసం ఆమె వైపే చూసేవారు.

మా ఊరు గజపతినగరానికి రెండు కోసుల దూరం. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. అప్పట్నుంచి అమ్మతో పాటు నార తీయడానికి వెళ్ళేదాన్ని. తవిటమ్మత్త పక్కనే నిలబడేదాన్ని, పనిలో ఉన్నప్పుడు ఆమె ఎవర్నీ మాట్లాడించదు కనుక. ఆమెకు అప్పటికి నలభై ఏళ్ళుంటాయి. భర్త సూరయ్యకి ఉబ్బసం. ముగ్గురు పిల్లలు. నోరు మాత్రం పెద్దది. ఆ నోటికి జడిసి ఆమె వాకిట్లోంచి నడవని వాళ్ళున్నారు.

నార తీసినందుకు మాకిచ్చే కూలి పుల్లలే. తోలు ఒలిచాక మిగిలిన తెల్లటి పుల్లల్ని మోపు కట్టి పొయ్యిలోకి తెచ్చుకోవాలి. నార రైతుది. వరికోతల్లో ధాన్యం దొరికే రోజుల్లో ఇది ఎవరికీ పట్టలేదు. కానీ అరవై ఏడో సంవత్సరం కార్తీకానికి మా ఇళ్ళల్లో గింజ లేదు. అంతకు ముందు రెండేళ్ళూ వానల్లేవు. అడ్డెడు చోళ్ళు, అంటే అర కుంచం రాగులు, ఉంటే ఇంటిల్లిపాదికీ రోజు గడిచిపోయేది.

"పుల్లలు ఉడకబెట్టుకుని తింటామేటి?" అంది మాతో నార తీసే కూర్మమ్మ ఓరోజు. అందరం నవ్వాం. తవిటమ్మత్త నవ్వలేదు. మర్నాడు మమ్మల్ని పన్నెండు మందినీ వెంటబెట్టుకుని నాయుడిగారింటికి వెళ్ళింది.

"ఏటే తవిటమ్మా, దండు కట్టుకొచ్చినావు?"

"రోజుకి మనిసికి అడ్డెడు సోళ్ళు కొలిపించండి బాబూ. పుల్లలెలాగూ ఇస్తన్నారు."

"నారతీతకి పుల్లలే కూలి. మా తాత నాటి నుంచీ అంతే."

"తాతగారి నాటి గింజలు మా కుండల్లో ఉంటే మేమూ అడక్కపోదుం."

లోపల ఆయన తల్లి సుభద్రమ్మగారు కిసుక్కున నవ్వారు. దాంతో నాయుడిగారికి రోషం వచ్చింది. "మీరు తప్ప మనుసులు లేరేటి?" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ ఏడు కట్టలు ఏ రోజు తీయాలో అత్త చెప్పలేదు. నాయుడిగారు పక్క ఊరి నుంచి ఆడవాళ్ళని రప్పించారు. తానే పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగారు. కంపు కొడుతోంది కాబట్టి నానినట్టేనని తేల్చారు. మధ్యాహ్నానికి నార పచ్చితోలుతో సహా తునకలుగా వచ్చింది. వచ్చినవాళ్ళు ఆయన్నే తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. గట్టు మీద మేం సంబరపడ్డాం. ఆ మాట దాచను.

ఇంకో రెండు రోజులకు తెల్లారుతూనే అత్త వీధిలో కేకేసింది. "నానినాయి. పదండే!"

"నీకు మతుందా అప్పా?" అంది కూర్మమ్మ. "కుళ్ళిపోనీ. అప్పుడు తెలిసొస్తాది."

"కలుపు తీసింది ఎవులు? కోసింది ఎవులు? మన సేతి పంట కుళ్ళిపోతంటే సూస్తావేటి? ఆయన పై ఏడు గోగు మానేస్తే ఎవుల్ని అడుగుతావు?"

"మరి కూలో?" అంది అమ్మ.

"పుల్లలు ముట్టుకోకండి."

నాలుగు రోజులు నార తీశాం. జలగలు పట్టాయి, వేళ్ళ సందులు పాసిపోయాయి. సాయంత్రమయ్యేసరికి పుల్లల మోపులు మోసుకెళ్ళి నాయుడిగారి వాకిట్లో నిలబెట్టేవాళ్ళం.

"ఇదేటిది?"

"మీరిచ్చిన కూలి బాబూ. మీకాడే ఉండనీండి."

మూడో రోజుకు ఆ వాకిట్లోంచి బండి బయటికి రావడానికి దారి లేదు. మా ఇళ్ళల్లో మాత్రం పొయ్యిలోకి పుల్ల లేక తాటిమట్టలు ఏరుకున్నాం. ఆ సాయంత్రం కూర్మమ్మ ఒక మోపు ఇంటికి మళ్ళించింది. అత్త చూసి, నలుగురిలో నానా మాటలూ అని, ఆ మోపు తనే నెత్తిన పెట్టుకుని నాయుడిగారింట్లో పడేసింది. కూర్మమ్మ బిడ్డకు జ్వరమని ఆమెకు తెలియదు. మర్నాడు తెలిసి, తను ఏరుకున్న మట్టలన్నీ తీసుకెళ్ళి కూర్మమ్మ గుమ్మంలో పెట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. కూర్మమ్మే ఆ మట్టలు లోపల పెట్టి ఆమె వెనకాల చెరువుకి వచ్చింది.

దారినపోయే వాళ్ళు ఆగి, ఆ పుల్లలేమిటని అడగడం మొదలుపెట్టారు. నాయుడిగారు కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారన్న మాట సంతదాకా పాకింది. నాలుగో సాయంత్రం మేం మోపులు దించుతుంటే సుభద్రమ్మగారు అరుగు మీదకి వచ్చారు.

"ఒరే గణపతీ! కూలియ్యని నార నా కొట్లోకి రాదు."

"నువ్వూరుకోవే అమ్మా."

"ఊరుకోను. గాదె నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

మర్నాడు చెరువుగట్టు మీదకి చోళ్ళ బస్తాలు వచ్చాయి. మనిషికి నాలుగు అడ్డలు. అందరిలోకీ పెద్దదైన లక్ష్మణమ్మకి ముందు కొలిపించి, అత్త ఆఖరున కొంగు పట్టింది. రెండడ్డలకే ఆఖరి బస్తా ఖాళీ అయింది. "రేపు పంపిస్తాన్లే" అన్నారు నాయుడిగారు.

మర్నాడు రాలేదు. ఆ పై రోజు పొద్దున్నే అత్త ఒంటరిగా ఆయన ఇంటికి బయల్దేరింది. రెండడ్డలే కదా, ఏం వెళ్తావులే అన్నాడట సూరయ్య మావ. ఆమె వీధి మలుపు తిరిగేసరికి వెనక అమ్మ ఉంది, నేనున్నాను, లక్ష్మణమ్మ కర్ర పొడుచుకుంటూ వస్తోంది, బిడ్డని చంకనేసుకుని కూర్మమ్మ అందరికన్నా ముందుంది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. నాయుడిగారు మమ్మల్ని చూసి గాదె వైపు నడిచారు.